డ్రాయింగ్ సార్ రాని రోజు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

భక్త మార్కండేయుణ్ణి, చౌడేశ్వరి తల్లిని తలచుకుని మొదలుపెడుతున్నాం. సోలాపూర్, భివండీ, బరంపురం, కాంచీపురం, సేలం, బెంగళూరు, యానాం. ఇన్ని ఊళ్ళ నుంచి మనవాళ్ళు ఒక్కచోట చేరారు. ఒక్కో ఊళ్ళో మన తెలుగుకు ఒక్కో యాస వచ్చింది. అయినా పడుగు అంటే అందరికీ పడుగే, పేక అంటే పేకే.

ఇలాంటి సభలో పెద్ద పెద్ద విషయాలు మాట్లాడతారు. నూలు ధర, రిబేటు, పెన్షను, ఆరోగ్య బీమా. అవన్నీ అవసరమే, వాటి గురించి తెలిసినవారు మాట్లాడారు. మేము మాట్లాడబోయేది చాలా చిన్న విషయంలాగ కనబడుతుంది. డ్రాయింగ్ సార్ రాని రోజు ఆ పీరియడ్ ఏమవుతుంది? ఆ రోజు తరగతిలోకి ఎవరు వెళ్తారు, వెళ్ళి ఏం చేస్తారు? ఇదే మా విషయం.

మేము అంటే ఒకరం కాదు. రిటైరైన టీచర్లం ఇద్దరం, జకార్డుకు డిజైన్లు గీసే అన్న ఒకరు, ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఆదివారం తరగతికి వచ్చే అక్కలు, కాలేజీ చదువుతున్న ఆడపిల్లలు. అందరం కలిసి నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఖాళీ పీరియడ్ ఖరీదు

మన పిల్లలు చదివే బడుల్లో చాలా చోట్ల డ్రాయింగుకు ఒక్క మాస్టారే ఉంటారు. కొన్ని చోట్ల రెండు బడులకు కలిపి ఒకరు. ఆయనకు జ్వరం వస్తేనో, ఎన్నికల డ్యూటీ పడితేనో, ఇంట్లో పెళ్ళి ఉంటేనో ఆ పీరియడ్ ఖాళీ. ఖాళీ పీరియడ్‌కు రెండే దారులు. గ్రౌండుకు పంపిస్తారు, లేదా లెక్కల సార్ వచ్చి మిగిలిపోయిన లెక్కలు చేయిస్తారు. మన పేటల్లో నడిపే ఆదివారం తరగతులైతే ఇంకా సులువు. తలుపుకు తాళం, పిల్లలు ఇంటికి.

ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకుంటాం. కానీ వారానికి ఒక్కటే పీరియడ్ ఉన్నచోట రెండుసార్లు పోతే నెలలో సగం పోయినట్టే. పిల్లల మనసులో ఒక లెక్క కూడా పడుతుంది. లెక్కల సార్ రాకపోతే వేరే సార్ వస్తారు, డ్రాయింగ్ సార్ రాకపోతే ఎవరూ రారు. అంటే ఇది అక్కర్లేని చదువన్నమాట అని.

వేరే ఇళ్ళ సంగతి ఎలా ఉన్నా, నేతవాళ్ళ ఇంటి పిల్లలు అలా అనుకుంటే నష్టం ఎక్కువ. మన పని మొదలయ్యేదే బొమ్మతో. గళ్ళ కాగితం మీద నక్షా గీస్తే గానీ జకార్డు కార్డు లేదు, కార్డు లేకపోతే అంచు లేదు, కొంగు లేదు. నేసేవాడికి కూలి గజానికో, చీరకో, చద్దరుకో లెక్క. డిజైన్ గీసేవాడికి దాని విలువ వేరు. ఈ రోజు ఆ డిజైన్ కంప్యూటరులో గీస్తున్నారు. గీసే చేతుల్లో మన పిల్లల చేతులు ఎన్ని ఉన్నాయో మీ పేటలో మీరే లెక్క చూసుకోండి. మన తాతలు వేసిన అంచుల్ని ఇంకెవరో గీసి, మన దగ్గరికే తెచ్చి, నేయండి అని ఇచ్చే రోజు రాకూడదు. అందుకే ఒక్క పీరియడ్ కూడా పోగొట్టుకోవద్దని అంటున్నాం.

మహారాష్ట్రలో ఉన్నవారికి ఇంకో సంగతి తెలుసు. రాష్ట్ర కళా సంచాలనాలయం ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు పెడుతుంది. వస్తువును చూసి గీయడం, జ్ఞాపకం మీద గీయడం, డిజైన్, జ్యామితి, అక్షరాలు రాయడం, ఇవి అందులో ఉంటాయి. ఇంటర్మీడియట్ పాసైతే గ్రేడును బట్టి పదో తరగతిలో అదనపు మార్కులు కూడా కలుస్తాయి. డిజైన్, అక్షరాలు, జ్యామితి. ఈ మూడూ మగ్గం మీద మనం రోజూ చేసేవే గదా!

కండెల బుట్ట లాంటి పెట్టె

మగ్గం మీద కూర్చున్నవారికి ఒక విషయం చెప్పనక్కర్లేదు. నాడెలో కండె అయిపోయాక లేచి రాట్నం దగ్గరికి వెళ్ళి నూలు చుట్టుకుని రారు. ఇంట్లో అమ్మో, అవ్వో ముందే చుట్టి బుట్టలో పెట్టి ఉంచుతుంది. చెయ్యి చాపితే కండె. పని ఆగదు.

మాస్టారు రాని రోజుకు కూడా అలాగే ముందే చుట్టి పెట్టిన కండెలు కావాలి. వాటిని ఒక పెట్టెలో పెట్టాలి. దానికి మేము పెద్ద పేరేమీ పెట్టలేదు, బదిలీ పెట్టె అంటున్నాం. మాస్టారు బాగున్న రోజుల్లోనే, తీరిగ్గా ఉన్నప్పుడే ఇది తయారు చేసుకోవాలి. జ్వరం వచ్చిన పొద్దున ఫోనులో ‘అది చేయించు, ఇది చేయించు’ అని చెబితే ఆ చెప్పేవారికీ కష్టం, వినేవారికీ కష్టం.

పెట్టెకు ఒక మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా చాలు. 40 మంది పిల్లల తరగతికి మేము పెట్టుకున్న సామాను చెబుతాం.

కొనాల్సినవి కొన్నే. పెన్సిళ్ళు 45. అయిదు ఎక్కువ ఎందుకంటే అయిదుగురైనా మరిచిపోయి వస్తారు. రబ్బర్లు 10, చెక్కేవి 5, మొన లేని చిన్న కత్తెరలు 10, స్కేళ్ళు 10, గమ్ము సీసాలు 4. మైనపు రంగులు ఎనిమిది స్టీలు డబ్బాల్లో, అయిదుగురికి ఒక డబ్బా. గళ్ళ కాగితాలు ఒక కట్ట.

మిగిలినవన్నీ మన ఇళ్ళలో ఉన్నవే. నూలు చుట్టి వచ్చే అట్ట కోనులు, చీరల పెట్టెల అట్టలు, ఒకవైపు ఖాళీగా ఉండే పెళ్ళి పత్రికలు, మగ్గం దగ్గర మిగిలే రంగు రంగుల నూలు ముక్కలు, పాత జకార్డు కార్డులు, చిరిగిన చద్దరు ముక్కలు, పాత పేపర్లు, చేతులు తుడుచుకోవడానికి రెండు పాత తువ్వాళ్ళు. నూలు ముక్కల్ని మాత్రం రంగు రంగు వేరు చేసి, చిన్న ఉండలుగా చుట్టి పెట్టాలి. చిక్కుపడిన నూలు తరగతిలోకి వస్తే ఆ పీరియడ్ చిక్కు తీయడంతోనే సరి.

పెట్టెలో పెట్టకూడనివి కూడా చెప్పాలి. నీటి రంగులు వద్దు, బ్లేడు వద్దు, సూది వద్దు. మాస్టారు ఉన్నప్పుడు అవి బాగానే ఉంటాయి. కొత్తగా వచ్చిన అక్కయ్యకు పిల్లల పేర్లే తెలియవు. నలభై మందికి నీళ్ళు అందించడం, ఒలికితే తుడవడం ఆమె మీద వేయకూడదు.

ఇంకో నియమం ఉంది. సగంలో ఉన్న పనిని బదిలీగా వచ్చినవారి చేత చేయించకూడదు. మాస్టారు మూడు వారాలుగా ఒక బొమ్మ వేయిస్తున్నారనుకోండి, అది అలాగే ఉండనివ్వాలి. పెట్టెలోని పాఠం ఆ రోజు మొదలై ఆ రోజే పూర్తి కావాలి. బడి విడిచే ముందు పిల్లవాడి చేతిలో పూర్తయిన పని ఒకటి ఉండాలి.

పాఠానికి ఒక అట్ట

ప్రతి పాఠానికి ఒక అట్ట ముక్క. దాని మీద పెద్ద అక్షరాలతో, ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఆ రాష్ట్రం భాషలో రాయాలి. సోలాపూర్‌లో మరాఠీ, బరంపురంలో ఒడియా, సేలంలో తమిళం, బెంగళూరులో కన్నడం. ఎందుకంటే ఆ రోజు తరగతికి వచ్చేవారిలో కొందరికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మన పరిస్థితే అది.

అట్ట మీద అయిదు మాటలు చాలు. ఏమేం బయటికి తీయాలి. మొదట పిల్లలకు ఏం చూపించాలి. పని ఎలా నడవాలి. పిల్లలు ఎక్కడ ఆగిపోతారు. చివర ఎలా సర్దాలి. వీటిలో నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. అనుభవం ఉన్న మాస్టారుకు పిల్లలు ఎక్కడ తడబడతారో తెలుసు, కొత్తవారికి తెలియదు. ఆ తెలిసినదాన్ని రెండు ముక్కల్లో రాసిపెడితే ఆయన అనుభవంలో సగం తరగతిలో ఉన్నట్టే.

మాదిరి బొమ్మ గురించి ఒక మాట. పూర్తయిన అందమైన బొమ్మను ఒక్కదాన్నే పెడితే పిల్లలు భయపడతారు, ‘మాకు రాదు’ అంటారు. అట్టకు మూడు మాదిరులు అంటించండి. మొదలుపెట్టినది, సగం చేసినది, పూర్తయినది. అప్పుడు చూపించేవారికి నోటితో ఎక్కువ చెప్పే పని ఉండదు.

40 నిమిషాల పీరియడ్‌ను మేము ఇలా పంచుకుంటున్నాం. 5 నిమిషాలు చూపించడం, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు ఒకరి పని ఒకరు చూసుకోవడం, 5 నిమిషాలు సర్దడం. సర్దడానికి సమయం ఉంచకపోతే పెట్టె రెండోసారికి పనికిరాదు.

ఇప్పుడు పాఠాలు. అయిదు చెబుతాం.

ఒకటి: రుద్దుడు బొమ్మ

ఇది చిన్నపిల్లలకు, ఒకటి నుంచి మూడో తరగతి వరకు. చద్దరు ముక్కను బెంచీ మీద పరచి, పైన పలచటి కాగితం పెట్టి, మైనపు రంగును పడుకోబెట్టి రుద్దాలి. నేత కాగితం మీదికి వచ్చేస్తుంది. తర్వాత తువ్వాలు ముక్క, ఆకు, రూపాయి బిళ్ళ, జకార్డు కార్డు. కార్డు మీద రుద్దితే రంధ్రాలు వరుసలు వరుసలుగా కనబడతాయి, పిల్లలు కేరింతలు కొడతారు. సోలాపూర్ చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు ఉందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ రెండు గుడ్డలకూ నేతలో తేడా ఏమిటో పిల్లవాడికి ఈ కాగితం చెబుతుంది. ఒకటి గట్టి నేత, రెండోది పైకి ఉంగరాలు లేచిన నేత.

పిల్లలు ఆగిపోయేది ఎక్కడంటే, కాగితం జరిగిపోతుంది. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు పట్టుకుంటే, ఒకరు రుద్దాలి. అంతే.

రెండు: కాగితం నేత

మూడు నుంచి అయిదో తరగతి పిల్లలకు. 20 సెంటీమీటర్ల చదరపు కాగితాన్ని సగానికి మడవాలి. మడత వైపు నుంచి 2 సెంటీమీటర్లకు ఒక గాటు చొప్పున కత్తిరించాలి. విడి అంచు దగ్గర 2 సెంటీమీటర్లు వదిలేయాలి. విప్పితే 10 పట్టీల పడుగు తయారు. వేరే రంగు కాగితాన్ని 2 సెంటీమీటర్ల వెడల్పుతో పట్టీలుగా కత్తిరిస్తే అదే పేక. ఒకటి పైన, ఒకటి కింద. ఏడో ఎనిమిదో పట్టీలు పడతాయి.

ఇక్కడ ప్రతి తరగతిలోనూ ఒకే తప్పు జరుగుతుంది. పిల్లలు రెండో పట్టీని కూడా మొదటిదానిలాగే వేస్తారు. అప్పుడు రెండూ కలిసి జారిపోతాయి. వెంటనే దిద్దవద్దు. ‘ఎందుకు జారింది?’ అని అడగండి. ఎవరో ఒకరు చెబుతారు, రెండోది మొదటిదానికి ఎదురు వెళ్ళాలని. మగ్గం మీద తొక్కుడు పలకలు రెండు ఎందుకున్నాయో ఆ పిల్లకు ఆ క్షణం అర్థమవుతుంది.

త్వరగా అయిపోయినవారికి అట్ట కింద ఇంకో మాదిరి ఉంచండి. రెండు పైన, రెండు కింద, ప్రతి వరుసలో ఒక్క పట్టీ జరుగుతూ. ఏటవాలు గీత వస్తుంది. జీన్స్ గుడ్డ దగ్గర పెట్టుకుని చూడమనండి. అదే ట్విల్ నేత.

మూడు: చుట్టు అట్ట

ఇది మా అందరికీ ఇష్టమైన పాఠం. కొంచెం ఎక్కువసేపు చెబుతాం, ఓర్చుకోండి.

5 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు అట్ట ముక్క. దాని చుట్టూ నూలు పక్క పక్కన చుట్టాలి. ముందు ఒక రంగు, తర్వాత ఇంకొకటి. సన్న గీత, వెడల్పు గీత, మళ్ళీ సన్న గీత. చీర చారలు ఎలా వేయాలో నిర్ణయించడానికి డిజైనర్లు ఈ రోజుకూ చేసే పని ఇది. కత్తెర అక్కర్లేదు, గమ్ము ఒక్క చుక్క చాలు. బొమ్మ గీయడం రాదని మూలన కూర్చునే పిల్లవాడు కూడా ఇందులో వెనకపడడు.

చుట్టడం అయ్యాక అట్ట వెనక ఆ రంగుల పేర్లు తెలుగులో రాయించాలి. అసలు పాఠం అక్కడే ఉంది. మన అమ్మమ్మల నోట ఎన్ని రంగులు! చిలకపచ్చ, ఆకుపచ్చ, కనకాంబరం రంగు, వంగపండు రంగు, మిరపపండు ఎరుపు, గంధం రంగు, ఉల్లిపొర రంగు, ఇటుక రంగు, నెమలి కంఠం. ఇప్పుడు పిల్లల్ని అడిగితే లైట్ పింక్, డార్క్ పింక్, అంతే. రంగు పోలేదు, పేరు పోయింది. పేరు పోతే కొన్నాళ్ళకు ఆ తేడా చూసే కన్ను కూడా పోతుంది.

మాట రాకపోతే ఇంటికి వెళ్ళి నానమ్మను అడిగి రాయమనండి. మేము అలా పంపించినప్పుడు, మంచంలో ఉన్న పెద్దవాళ్ళు కూడా లేచి కూర్చుని పేర్లు చెప్పారు. ఇంట్లో టీవీ తప్ప మాటలు లేని సాయంత్రాలు కొన్ని అలా గడిచాయి. ఒక రంగుకు మూడు ఇళ్ళలో మూడు పేర్లు వచ్చాయి. మూడూ రాసుకున్నాం. కరీంనగర్ వైపు నుంచి వచ్చినవారిది ఒక మాట, నారాయణపేట వైపు నుంచి వచ్చినవారిది ఒక మాట. పిల్లలకు తమ ముత్తాతల ఊరు ఏదో ఈ రంగుల వెనకాలే తెలిసింది.

పెద్ద తరగతుల వారికి ఇంకొంచెం. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయితే దూరానికి మూడో రంగు కనబడుతుంది. నీలం పడుగు, ఆకుపచ్చ పేక పట్టు చీరలో నెమలి కంఠం అవుతుంది. కాగితం మీద నిలువు గీతలు నీలంతో, అడ్డ గీతలు ఆకుపచ్చతో దగ్గర దగ్గరగా గీసి, గోడకు ఆనించి పది అడుగుల దూరం నుంచి చూడమనండి. రంగులు కలపడం గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

నాలుగు: గళ్ళ కాగితం మీద గోపురం

అయిదో తరగతి నుంచి పైవారికి. 32 గళ్ళ వెడల్పు, 10 గళ్ళ ఎత్తు గీసిన కాగితం. కింది వరుసలో 7 గళ్ళు నింపాలి, దాని పైన మధ్యకు 5, ఆ పైన 3, ఆ పైన 1. ఒక గోపురం అయింది. ఒక గడి వదిలి ఇంకొకటి. 32 గళ్ళలో సరిగ్గా 4 గోపురాలు పడతాయి. పైన మిగిలిన చోట పిల్లలు తమకు నచ్చింది వేసుకోవచ్చు. రుద్రాక్షో, మామిడి పిందో, హంసో.

లెక్కల సార్ కూడా సంతోషించే సంగతి ఇందులో ఉంది. 1, 3, 5, 7 కలిపితే 16. అంటే నాలుగు నాలుగులు. గోపురానికి ఇంకో మెట్టు పెంచితే 25, అయిదు అయిదులు. ఇది ఎందుకు అలా వస్తుందో పిల్లల్నే కనుక్కోమనండి.

పెట్టెలోని పాత జకార్డు కార్డును అప్పుడు బయటికి తీయాలి. నింపిన గడి అంటే కార్డులో రంధ్రం, పోగు లేస్తుంది. ఖాళీ గడి అంటే రంధ్రం లేదు, పోగు లేవదు. ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జకార్డ్ 1804లో ఈ పద్ధతిని తెచ్చాడు. తర్వాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి ఈ కార్డుల ఆలోచననే తీసుకున్నాడు. కంప్యూటరు చదువుతామనే పిల్లలకు ఇది చెప్పండి. ఉంది, లేదు అనే రెండు మాటలతో నడిచే ఆ చదువు మన మగ్గం మీద ఎప్పటి నుంచో ఉంది.

గోపురం అంచును ప్రతి ఊరివారు తమదిగా మార్చుకోవచ్చు. బరంపురం వారికి పట్టు చీర మీద ఫోడ కుంభం ఉంది, ఆ అంచు గళ్ళ మీద ఎలా వస్తుందో వేయించండి. కాంచీపురం వారికి కోర్వై ఉంది, అంచు ఒక రంగు, ఒడలు ఒక రంగు, రెండూ కలిసేచోట మెట్లు మెట్లుగా గోపురాలు. కర్ణాటక వారికి ఇల్కల్ కొంగు ఉంది. యానాం వారికి ఉప్పాడ ఎంతో దూరం కాదు, జాందానీలో ఒక్కో బుటాకు ఒక్కో పోగు చేత్తో పెట్టడం పిల్లలకు చూపించవచ్చు. మా పెట్టెను మీరు అలాగే పట్టుకెళ్ళవద్దు, మీ అంచుతో నింపుకోండి.

అయిదు: పేరులో మొదటి అక్షరం

తెలుగు అక్షరం గుండ్రంది. గడి చదరపుది. గుండ్రని అక్షరాన్ని చదరపు గళ్ళలో ఎలా పట్టించాలి? 12 గళ్ళ వెడల్పు, 12 గళ్ళ ఎత్తు ఉన్న పెట్టె గీసి, ఎవరి పేరులో మొదటి అక్షరాన్ని వారు అందులో గళ్ళు నింపి రాయాలి. వంపు దగ్గర మెట్లు వస్తాయి. దగ్గర నుంచి చూస్తే మెట్లు, దూరం నుంచి చూస్తే వంపు. తువ్వాలు మీద పేరు నేయించేటప్పుడు జరిగేది ఇదే.

ఈ పాఠం వల్ల ఇంకో లాభం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీయో కన్నడమో తమిళమో. తెలుగు రాయడం రాని పిల్లలు మన ఇళ్ళలో చాలామంది. ‘తెలుగు నేర్చుకో’ అంటే పారిపోయే పోరగాళ్ళు కూడా తన పేరు అంటే కూర్చుంటారు. ఒక్క అక్షరంతో మొదలుపెట్టి, తర్వాతి వారం పేరంతా. తర్వాత చెల్లెలి పేరు. మేము వర్ణమాల చార్టుతో చేయలేనిది ఈ గళ్ళ కాగితం చేసింది.

కాగితాలు అయిపోయిన రోజు ఉంటుంది. అప్పటికి అట్ట అడుగున ఒక మాట రాసిపెట్టండి: చుక్కల ముగ్గు. సుద్దముక్క చాలు, నేల చాలు. 7 నుంచి 1 వరకు సందు చుక్క. ఆడపిల్లలు చూపిస్తారు, మగపిల్లలు నేర్చుకుంటారు.

బదిలీగా ఎవరు రావాలి?

చిత్రకళ వచ్చినవారే కావాలని లేదు. పాఠం అట్ట మీద ఉంది, సామాను పెట్టెలో ఉంది. కావాల్సింది పిల్లల దగ్గర కోపం లేని మనిషి. మా దగ్గర ఎక్కువసార్లు వచ్చినవారు బీడీలు చుట్టే అక్కలే. మొదట ‘మాకేం తెలుసు సార్, మేం ఏడో తరగతి’ అన్నారు. కాగితం నేత రోజు వాళ్ళ చేతుల్లోని వేగం చూసి పిల్లలు నోరు తెరిచారు. పేట పిల్లలు ఆ అక్కను ఆ తర్వాత నుంచి వీధిలో ‘టీచర్’ అని పిలుస్తున్నారు. ఆ పిలుపు విలువ ఎంతో మేము చెప్పలేం.

మగ్గం మీద కూర్చునే నాన్నల్ని కూడా పిలవండి. తండ్రి పనిని చిన్నచూపు చూడడం పిల్లలు ఎక్కడ నేర్చుకున్నారో గానీ, ఆ తండ్రే తరగతిలో నిలబడి తెగిన పోగును కంటిచూపు తిప్పకుండా అతికి చూపిస్తే, పిల్లవాడి కళ్ళలో మార్పు మనకే కనబడుతుంది. చింతకింది మల్లేశం గారు అమ్మ ఆసు పోసే కష్టం చూడలేక యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కథ మన పిల్లలకు చెబుతాం. అలాంటి ఇంకో పిల్ల పుట్టాలంటే ముందు అమ్మ చేసే పనిని నిలబడి చూడాలి గదా.

ఇది కొత్త మాట కూడా కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు విద్యా సభ జరిపి, చేతిపని చుట్టూ చదువు ఉండాలన్నారు. వార్ధా మహారాష్ట్రలోనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8వ తరగతి పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకోవాలని రాసింది. మీ బడి హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళి ఈ మాట గుర్తు చేసి, ‘మా పేటలో మగ్గాలున్నాయి, మేము వస్తాం, పెట్టె కూడా మేమే తెస్తాం’ అనండి. కాదనేవారు తక్కువ.

మాస్టారు తిరిగి వచ్చాక

పెట్టె మూత లోపల ఒక చిన్న పుస్తకం కట్టి ఉంచండి. బదిలీగా వచ్చినవారు అందులో మూడు సంగతులు రాయాలి. ఏ పాఠం చేయించారు, ఏమి అయిపోయింది, ఏ పిల్లవాడు బాగా చేశాడు లేదా ఇబ్బంది పడ్డాడు. రాయడం రానివారైతే ఒక పిల్లే రాస్తుంది.

మాస్టారు తిరిగి వచ్చాక మొదటి పని ఆ కాగితాలను చూడడం. చూసి, తీగ మీద తగిలించడం. ఇది చేయకపోతే మొత్తం వృథా. సార్ చూడని పనిని పిల్లలు పని అనుకోరు, వచ్చిన అక్కయ్య మళ్ళీ రాదు.

పెట్టె నింపే బాధ్యత ఒక్కరి పేరు మీద ఉండాలి. ‘అందరం చూసుకుందాం’ అంటే ఎవరూ చూడరు, ఇది మన సంఘాల్లో కొత్త కాదు. నెలలో మొదటి ఆదివారం తెరచి, పెన్సిళ్ళు లెక్కపెట్టి, నూలు ఉండలు చుట్టి, అయిపోయినవి రాసుకోవాలి. అరగంట పని.

మా విన్నపాలు

సమాఖ్య ముందు మూడు విన్నపాలు పెడుతున్నాం.

ప్రతి శాఖ, ప్రతి పేట తరగతికి ఒక్కొక్క పెట్టె తయారు చేయాలి. డబ్బు ఇవ్వమని అడగడం లేదు, ఇళ్ళలోని అట్టలు, నూలు ముక్కలు, పెళ్ళి పత్రికలు పారేయకుండా ఇవ్వమని అడుగుతున్నాం.

ఒక్కో ఊరు తమ అంచుతో ఒక్కో పాఠం అట్ట రాసి మాకు పంపాలి. ఫోటో తీసి పంపినా చాలు. అన్నీ కలిపి అన్ని ఊళ్ళకూ తిరిగి పంపుతాం. బరంపురం అంచును భివండీ పిల్ల గీస్తుంది, సోలాపూర్ చద్దరు పువ్వును కాంచీపురం పిల్లవాడు గీస్తాడు.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినం. 1905లో అదే రోజున స్వదేశీ ఉద్యమం మొదలైందని, 2015 నుంచి ఆ రోజును ఇలా జరుపుకుంటున్నాం. ఆ రోజు సన్మానాలతో పాటు పిల్లల చుట్టు అట్టలు, గోపురం అంచులు కూడా గోడ మీద ఉండాలి. కింద పిల్లల పేర్లు, వారే రాసిన తెలుగు అక్షరాలతో.

బయట బల్ల మీద మేము తెచ్చిన పెట్టె ఉంది. భోజనాల ముందు వచ్చి తెరిచి చూడండి, అట్టలు చదవండి, తప్పులుంటే చెప్పండి. పిల్లలు ముందుగా రావచ్చు, రుద్దుడు బొమ్మకు కాగితాలు తెచ్చాం. నూలు ముక్కలు ఇంట్లో ఉన్నవారు పేరు, పేట రాసి వెళ్ళండి, మేమే వచ్చి తీసుకుంటాం.